గడియ లేని తలుపు

ప్రియమైన కందిరీగకి,

నోటితో మాట్లాడనని భీష్మించుకున్నావు. సరే, కాయితం మీదే కొట్టుకుందాం. తలుపు కిందనుంచి తోస్తున్నాను, చూసుకో.

నీ గది గడియ తీసింది నేనే. అరిగిపోయింది, వీలు చూసుకుని కొత్తది వేస్తాను. ఊరందరి తాళాలూ బాగుచేసేవాడి ఇంట్లో గడియకి దిక్కులేదా అని నవ్వకు. కొట్లో ఊపిరాడని పని. మీ అమ్మ గుమ్మం దగ్గర పెట్టిన కంచం మళ్లీ అలాగే ఉంది. ఇంతకీ ఎవరిమీదే ఈ అలక? బడికి వెళ్లకపోతే మానె, అమ్మతో ఒక్క ముక్కయినా మాట్లాడు. ఇల్లు ఇల్లులా లేదు.

ప్రేమతో
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

ఆ గడియ నువ్వు వేసి నెల కూడా కాలేదు. నెల తిరక్కుండా అరిగిపోయే పని నువ్వు చేస్తావా? నా దగ్గరా ఈ కబుర్లు?

అలక కాదు. మా క్లాసులో ఒకమ్మాయికి ఫోన్‌లో నా గొంతు రికార్డు చేసి పంపాను. "మధ్యాహ్నం నాతో కూర్చుని తింటావా? ఒక్కదాన్నే తినలేకపోతున్నాను" అని. మధ్యలో ఏడుపొచ్చేసింది. అది కాస్తా ఆ పిల్ల అందరికీ పంపింది. ఇప్పుడు నేను మెట్లెక్కుతుంటే వెనకనుంచి ఎవరో ఒకరు అచ్చం నాలాగే "కూర్చుని తింటావా" అని ఏడుస్తారు. అందరూ పడీపడీ నవ్వుతారు. నా గొంతు నాకే అసహ్యమేస్తోంది. అందుకే మాట్లాడను. కంచం చూసినా అదే గుర్తొస్తుంది.

అమ్మకి చెప్పకు, వాళ్లింటిమీదికి యుద్ధానికి పోతుంది.

ఇట్లు
నీ కూతురు

*

ప్రియమైన తల్లీ,

ఓస్, ఇంతేనా! నేనింకా ఏమిటో అనుకుని హడలిపోయాను. ఇవాళ నవ్వుతారు, రేపు మర్చిపోతారు. నా చిన్నప్పుడు నన్ను 'తుప్పు' అని పిలిచేవాళ్లు. ఇప్పటికీ పిలుస్తారు. అంతమాత్రాన నేనేమైనా... ఆ కొట్టేసినచోట చూడకు, చెయ్యి జారింది.

మీ టీచరమ్మ ఫోన్ చేసింది. ఎవరో డాక్టరమ్మ నంబరిచ్చింది, పిల్లలతో మాట్లాడుతుందట. మన ఇంటా వంటా లేని గొడవలు మనకెందుకులే అని జేబులో పడేశాను. నా పనిముట్ల పెట్టె కొట్లోకి మార్చాను, ఇల్లు ఇరుకుగా ఉందని. అంతే, ఇంకేం లేదు.

రెండు ముద్దలు తిను.

ప్రేమతో
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

ఆ మాటని కాయితం చిరిగేదాకా గీకావు. అయినా కనబడుతూనే ఉంది. 'చచ్చానా' అని రాసి కొట్టేశావు.

పరీక్షలో జవాబు రాయాల్సినచోట 'నేను లేకపోతే బాగుండు' అని రాశాను. టీచరమ్మ నీకు చదివి వినిపించే ఉంటుంది. గడియ తీసింది అందుకే, పెట్టె మార్చింది అందుకే. నన్ను అడిగితే లేని ఆలోచన పుట్టిస్తావేమోనని భయపడ్డావు కదూ? అది ఎప్పుడో వచ్చింది నాన్నా. నాతోపాటు ఈ గదిలోనే ఉంటోంది. దానితో నేనొక్కదాన్నే ఉంటున్నాను.

గడియ తీసినప్పుడు నాకు కోపం రాలేదు తెలుసా? సంబరపడ్డాను, ఇక ఎవరో ఒకరు లోపలికి వస్తారని. నీ చెప్పుల చప్పుడు గుమ్మందాకా వస్తుంది. కాయితం లోపలికొస్తుంది. చెప్పులు వెనక్కి పోతాయి. తాళంచెవి పోగొట్టుకున్న ప్రతివాళ్ల ఇంటికీ పరిగెత్తుకెళ్లి తలుపు తీసొస్తావు. నా తలుపు వేలితో నెట్టినా తెరుచుకుంటుంది. ఇన్నాళ్లలో ఒక్కరూ నెట్టలేదు.

ఆ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. నేను వస్తాను. నువ్వూ అమ్మా కూడా రావాలి, నన్ను గుమ్మంలో దింపేసి పోతే ఊరుకోను. కానీ ముందు ఇక్కడికి రా. జోకులెయ్యకు. ఆ మాట సూటిగా అడుగు. అవునంటే అరవకు. ఏడుపొస్తే ఏడువు, ఏం ఫరవాలేదు.

దీనికి కాయితం మీద జవాబు రాయకు. ఆ గుమ్మం దగ్గర కంచం చేత్తో పట్టుకుని లోపలికి రా.

నాతో కూర్చుని తింటావా నాన్నా?

నీ
కందిరీగ