పొగగొట్టంలో పిట్టగూడు

ఆదివారం, ఎల్లారెడ్డి

నిద్ర పట్టక రాస్తున్నాను.

రంపపు పొట్టు గుళికలతో మండే మా పొయ్యిని ఏడాదికోసారి శుభ్రం చేస్తాం. ఈ పొద్దున బూడిద తీశాక మా ఆయన పొగగొట్టం ఊడదీశాడు. లోపల పిట్టగూడు, దాని చుట్టూ గడ్డకట్టిన మసి. వేలు దూరే సందు లేదు.

"పొయ్యి గాలంత ఇంట్లకే వస్తున్నదే!" అన్నాడు, మొహం పాలిపోయి.

వెచ్చగా ఉంటుందని అత్తమ్మ పడుకునేది ఆ పొయ్యి పక్కనే. వారంగా పొద్దున్నే తలనొప్పి అంటుంటే చలికేమో అనుకున్నాం. వెంటనే కామారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లాం.

"పొగ కనపడకున్నా విషగాలి ఎక్కుతది. గట్లనే పండుకుంటే ఏదో ఒక పొద్దున లేవకపోతుండె," అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక ఇప్పుడు అత్తమ్మ నా పక్కనే పడుకుంది. మాటిమాటికీ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను.

"బతికే ఉన్న బిడ్డా, పండుకో," అంది కళ్లు తెరవకుండానే.