కెజాయా అత్త బండి ఆగిన చోటు

గ్యాఫర్స్ కోవ్,
ఆగస్టు మొదటి వారం

చిరంజీవి సెల్బీని కెజాయా అత్త చల్లగా ఉండమని దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. చేపలు పడుతున్నాయి, పొగమంచు పడుతోంది, మీ అమ్మ నోట్లోంచి మాటలు ఎప్పట్లాగే జారిపడుతున్నాయి. బాగా లేనిదల్లా మోటారు సైకిల్లా ఎక్కి తోలే నా నాలుగు చక్రాల బండి ఒక్కటే. ఊళ్ళో అటూ ఇటూ తిప్పితే గుర్రంలా ఉంటుంది. కొండ మీది చిత్తడి నేలలోకి పోయానా, కొంతసేపటికి దగ్గుతుంది, రెండుసార్లు ఎగిరిపడుతుంది, చచ్చి ఊరుకుంటుంది. దిగి, ఫ్లాస్కులో టీ తాగి, దాన్ని నాలుగు తిట్టి మళ్ళీ మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది. ఇంకాసేపటికి మళ్ళీ అదే నాటకం.

చిత్తడి నేలలో నారింజ రంగున కాసే మన బేకాపిల్ పండ్లు పండే రోజులొచ్చాయి. నాకొక్కదానికే తెలిసిన చోటు ఒకటుంది. మీ తాతయ్య పోయేముందు నా చెవిలో చెప్పాడు. మీ నాన్న చెవిలో చెప్పలేదు. చెబితే అది మీ అమ్మ నోట్లోంచి బయటికొస్తుందని ఆయన భయం. ఈ దరిద్రపు బండి సరిగ్గా ఆ చోటి దగ్గరే ఆగుతోంది. ఎవడైనా చూశాడా, నా చోటు ఊరందరిదీ అయిపోతుంది. అందుకే ఇక్కడ మెకానిక్కుని పిలవలేను. ఫోనులో చెబుదామంటే వీధి మొత్తానికి ఒకటే లైను, నేను ‘హలో’ అంటే ఐదుగురు ‘ఆఁ’ అంటారు. సిటీ గ్యారేజీలో నువ్వు చూసేవి ఈ బండ్లే గదా. ఏదో వైద్యం రాసి పంపు నాయనా.

ఇట్లు,
నీ మేలు కోరే అత్త, కెజాయా

తా.క.: చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో పడెయ్యి. పొయ్యి లేకపోతే నమిలి మింగెయ్యి.

*

సెయింట్ జాన్స్

ప్రియమైన అత్తయ్యకి సెల్బీ నమస్కారాలు.

ఉత్తరం అందింది. మింగలేదు గానీ దాచేశాను. నువ్వు చెప్పినదాన్ని బట్టి కారణాలు చాలా ఉండొచ్చు. ముందు స్పార్క్ ప్లగ్ మార్చు, కొత్తది ఇందులో పెట్టాను. పెట్రోల్లో నీళ్ళు చేరాయేమో ట్యాంకు ఖాళీ చేసి చూడు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి తీసి, సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి మళ్ళీ పెట్టు.

ఇంకొక్క విషయం. బండి ఖచ్చితంగా ఎక్కడ ఆగుతోంది? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఊరికి ఏ దిక్కున? ఎంత దూరంలో? చిన్న పటం గీసి పంపితే ఇంకా మంచిది.

ఇట్లు,
సెల్బీ

తా.క.: మొన్న అమ్మ ఉత్తరం రాసింది. నీ బండి ఎలా ఉందని అడిగింది. పాపం, నీ మీద ఎంత ప్రేమో!

*

గ్యాఫర్స్ కోవ్

సెల్బీకి అత్త రాసేది.

దీవెన ఈసారికి ఆపాను. పటమా? నలభై ఏళ్ళుగా మీ అమ్మ నన్నడుగుతున్న మాటలే నువ్వు వరసగా అడిగావు! ఏ దిక్కు, ఎంత దూరం, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా! నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని, నా దగ్గరే కూపీ లాగుతావా? అది ఆగేది ఒక చోట. ఆ చోటు భూమ్మీద ఉంది. ఇంతకంటే చెప్పను.

అయినా నీ వైద్యమంతా చేశాను. ప్లగ్ మార్చాను. పెట్రోలు వంచి చూశాను, శుభ్రంగా ఉంది. స్పాంజి కడిగి, ఆరబెట్టి, నువ్వు చెప్పినట్టే నూనె పట్టించాను. కాడ్ చేప వేయించిన నూనె గిన్నెలో ఉంటే దండగెందుకని అదే వాడాను. ఇప్పుడు బండి వేడెక్కితే చాలు, చేపల వేపుడు వాసన గుమ్మని కొడుతోంది. నిన్న నేను కొండెక్కుతుంటే ఊళ్ళో పిల్లులన్నీ తోకలు పైకెత్తుకుని నా వెనకాలే ఊరేగింపు కట్టాయి. ఎవరికీ తెలియకుండా పోవాలని నేను! వంతెన దగ్గర పాదిరిగారు టోపీ తీసి నిలబడ్డారు, ఎవరి అంతిమయాత్రో అనుకుని.

బండి మాత్రం ఎప్పట్లాగే ఆగిపోయింది.

కెజాయా

తా.క.: పిల్లుల్లో మీ అమ్మ పిల్లి కూడా ఉంది. దాన్ని ఆవిడే పంపించిందని నా అనుమానం.

*

సెయింట్ జాన్స్

పూజ్యులైన అత్తయ్యకి,

వంటనూనె కాదత్తా! ఇంజిన్ నూనె! వెంటనే మళ్ళీ కడిగెయ్యి.

నాకు నీ పండ్లు వద్దు. నీ చోటూ వద్దు. బండి ఎంతసేపు నడిచి ఆగుతోంది, ఆగే ముందు ఏ చప్పుడు చేస్తోంది, ఇవి తెలియకుండా నేనిక్కడి నుంచి ఏం చెప్పను? నువ్వేమో నన్ను నమ్మడంలేదు. అందుకని బాగా ఆలోచించి ఒక ఉపాయం చేశాను. అమ్మకి రాశాను. నీ బండి వెనకాల కూర్చుని, అది ఎక్కడెక్కడ ఎలా ఆగుతోందో చూసి నాకు రాయమన్నాను. ఇలా అయితే నీకు శ్రమ ఉండదు.

ఇట్లు,
సెల్బీ

తా.క.: అమ్మ చాలా సంతోషించింది. ఇంత సంతోషంగా ఆవిడ ఉత్తరం రాయడం నేనెప్పుడూ చూడలేదు.

*

గ్యాఫర్స్ కోవ్

మహారాజశ్రీ సెల్బీ దొరగారికి,

అయ్యా,

తమ తల్లిగారు ట్రైఫీనా వదిన సోమవారం తెల్లారేసరికి నా గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యారు. రబ్బరు బూట్లు, ఫ్లాస్కు, రొట్టెల మూట, రెండు బకెట్లు.

“బండి చూడ్డానికి బకెట్లెందుకు వదినా?” అన్నాను.

“దారిలో నీళ్ళు దొరికితే ఇంజిన్‌కి పోద్దామని” అంది.

వెనక సీటెక్కి కూర్చుంది. దిగమంటే దిగదు. “అబ్బాయి చెప్పాడమ్మా, నాదేముంది” అంటుంది. నేనేం తక్కువ తిన్నానా? కొండ వైపు తిప్పితే గదా! రేవు దగ్గరికీ, అక్కణ్ణుంచి చర్చి దగ్గరికీ, మళ్ళీ రేవు దగ్గరికీ గానుగెద్దులా తిప్పుతూనే ఉన్నాను. “చోటు మాటెలా ఉన్నా నా నడుము విరుగుతోందే” అని ఆవిడ, “అయితే దిగు” అని నేను. ఇంతలో రేవు మధ్యలో, వలలు బాగుచేస్తున్న మగాళ్ళందరి ముందూ బండి దగ్గి, ఎగిరి, ఆగిపోయింది. ఊళ్ళో ఎప్పుడూ ఆగనిది! పరువు పోయింది. టీ తాగాం. మళ్ళీ కదిలింది. చర్చి మెట్ల దగ్గర మళ్ళీ ఆగింది.

ఇందుకు తమకు ధన్యవాదాలు.

భవదీయురాలు,
కుమారి కెజాయా

తా.క.: మీ అమ్మ రొట్టెలు రాళ్ళలా ఉన్నాయి. అయినా ఐదు తిన్నాను, కోపంలో ఆకలెక్కువ.

*

సెయింట్ జాన్స్

అత్తయ్యా! నా బంగారు అత్తయ్యా!

దొరికింది! చోటు కాదు, దొంగ దొరికాడు. బండి ఆగేది ఆ చోట కాదత్తా, కొంతసేపు ఆగకుండా నడిచాక ఎక్కడైనా ఆగుతుంది. చిత్తడి నేలకి పోయేసరికి అంతసేపు అవుతోంది, అంతే!

టీలోకి పాలడబ్బాకి నువ్వెన్ని చిల్లులు పెడతావు? రెండు. ఒక్కటే పెడితే పాలు దిగవు గదా, గాలి లోపలికి పోవాలి గదా. పెట్రోల్ ట్యాంకూ అంతే. మూత మీద సన్న రబ్బరు గొట్టం ఉంటుంది, గాలి పోయేది అందులోంచే. అది మూసుకుపోతే పెట్రోలు దిగడం మానేస్తుంది, బండి ఆగుతుంది. నువ్వు టీ తాగేలోపు సందుల్లోంచి కాస్త గాలి దూరి మళ్ళీ కదులుతుంది. ఈసారి ఆగగానే మూత తిప్పి చూడు. బుస్సుమంటే నా మాట నిజం.

నీ మేనల్లుడు,
సెల్బీ

తా.క.: ఆ గొట్టంలో సాలీడు గూడు పెట్టి ఉంటుంది. పాపం దాన్నేమీ అనకు.

*

గ్యాఫర్స్ కోవ్,
ఆగస్టు చివర

చిరంజీవి సెల్బీని అత్త నిండు మనసుతో, ఆపిన దీవెనలు కూడా కలిపి దీవించి రాసేది.

బుస్సుమంది నాయనా! కానీ సాలీడు కాదు. నేనే. నిరుడు బకెట్లలో పండ్లకి పెట్రోలు వాసన పట్టిందని, ఈసారి ముందుగానే జామ్ సీసాలు మూసే మైనం కరిగించి ఆ గొట్టం మూతికి పోశాను. ఎంత చక్కగా పోశానో, ఏడాదైనా ఊడేది కాదు.

అసలు కథ విను. నీ ఉత్తరం వచ్చేవరకూ పండ్లు ఆగవు గదా. మీ అమ్మ సీటు దిగదు గదా. ఏదైతే అదయిందని కొండ మీదికే పోనిచ్చాను. చోటు రాగానే బండి ఆగింది. కనుచూపు మేర పండ్లు, దీపాలు వెలిగించినట్టు. మీ అమ్మ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకుండా ఉండటం నేను మొదటిసారి చూశాను.

కాసేపటికి, “మామయ్య నన్ను నమ్మలేదు గదే” అంది, మీ తాతయ్యని తలుచుకుని. నేనొక బకెట్ తీసి ఆవిడ చేతికిచ్చాను.

అంతలో డుబడుబమంటూ తన బండి మీద గార్లాండ్ వచ్చాడు, రేవులో కొట్టు నడిపే గార్లాండ్. వాడికి తెలిస్తే రేవులో బోర్డు పెడతాడు! నా ప్రాణం పోయింది. మీ అమ్మ ఏం చేసిందనుకున్నావు? చటుక్కున పండ్ల మీద కూలబడి, లంగా బారంతా పరిచి, “అయ్యో గార్లాండూ, దేవుడల్లే వచ్చావు! ఈ కెజాయా నన్ను చంపడానికే తెచ్చింది!” అని మోకాళ్ళ నొప్పులన్నీ ఏకరువు పెట్టింది.

వాడు వింటేనా? ఇంజిన్ మూత తీసి తల అందులో పెట్టాడు. మడమల దాకా పండ్లలో నిలబడి, పండ్లు తొక్కుతూ, “కార్బురేటర్ అయ్యుంటుంది” అంటాడు, “కాయిల్ అయ్యుంటుంది” అంటాడు. ఒక్కసారైనా కిందికి చూడలేదు! టీ తాగేలోపు అదే కదులుతుందని మేం చెబితే గదా! చివరికి తాడు కట్టి మమ్మల్ని ఇంటిదాకా లాక్కొచ్చాడు. వాడి తల ఇంజిన్లో ఉన్నంతసేపూ వెనకాల మేం నింపిన నాలుగు బకెట్లూ, ఆవిడవి రెండూ నావి రెండూ, కోట్ల కింద మాతోనే వచ్చాయి.

ఆ రాత్రి నేనూ వదినా నవ్వీ నవ్వీ పొట్టలు పట్టుకున్నాం. ఇంటికొచ్చాకే నీ ఉత్తరం చూశాను. కాసేపు నడిపి, ఆగగానే మూత తిప్పి చూసి, మైనం పీకేశాను. బండి ఇప్పుడు నిప్పులా ఉంది. అయితే ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఎక్కడ పండ్లుంటే అక్కడ ఆపుతాం, సీటు ఎత్తి పెడతాం, పానాలు నేల మీద పరుస్తాం. ఎవడొచ్చినా తల ఇంజిన్లో దూరుస్తాడు. ఈ వారం ముగ్గురు మగాళ్ళు మా పండ్లు మా ఇళ్ళకి లాక్కొచ్చి పెట్టారు.

కనక ఎవరైనా నిన్నడిగితే, ఆ బండి రోగానికి మందు లేదని చెప్పు.

ఇట్లు,
కెజాయా అత్త

తా.క.: ఒరేయ్, నేను మీ అమ్మని. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడానికి పోతూ వెనక సీట్లో రాస్తున్నాను, అత్త ముందు సీట్లో కూర్చుని మెల్లగా నడుపుతోంది. వచ్చే ఏడాది నేను నడుపుతానని అత్తకి చెప్పు. నా మాట వినడంలేదు.