గోడ మీద తమ్ముడు

పుస్తకాల కంపెనీ వారికి,

నమస్కారం. నేను వడ్రంగిని. మీరు మళ్ళీ అచ్చువేసిన ‘రెండు జెండాల కోట’ నవల కొన్నాను. కొన్నది నేనైనా, అదే కావాలని పేరు చెప్పి అడిగింది మా అన్న. ఆయన మంచాన పడ్డాడు, చూపు కూడా ఆనడం లేదు. సాయంత్రం పనైపోయాక వెళ్ళి నేను చదువుతాను, ఆయన వింటాడు.

మా సంగతి కొంచెం చెప్పాలి. అన్న పెళ్ళితో పాటు వదిన వాళ్ళ మతంలో కలిశాడు. అప్పుడు ఇద్దరం అనరాని మాటలు అనుకున్నాం. ఆ తర్వాత ఒకరి గడప ఒకరం తొక్కలేదు. ఇప్పుడు వెళ్తున్నా రెండు మాటలు కలిస్తే మూడోది తగాదా. అందుకని పుస్తకం. మీ నవలలో కూడా మతయుద్ధమే. అన్న కోట లోపల, తమ్ముడు బయటి సైన్యంలో. వాళ్ళిద్దరి గురించి అయితే మేమిద్దరం బాగానే మాట్లాడుకుంటున్నాం.

చిక్కు ఎక్కడంటే, తమ్ముడు పొగమంచులో తాడు పట్టుకుని కోటగోడ ఎక్కుతాడు. పైన కాపలా ఉన్నది అన్నే. తమ్ముడి చెయ్యి గోడ అంచుకు తగులుతుంది. అన్న బల్లెం ఎత్తుతాడు. పేజీ తిప్పితే తమ్ముడు మళ్ళీ కింద ఉండి తాడు విసురుతున్నాడు. అవే పదహారు పేజీలు రెండోసారి కుట్టేశారు. ఆపైన అట్ట. కథ చివర ఉండాల్సిన పేజీలు లేనే లేవు.

దయచేసి అవి పంపండి. డాక్టరు ఏమీ చెప్పలేదు గాని, మందులు తగ్గించాడు.

ఇట్లు,
వడ్రంగి

తా.క. రెండోసారి వచ్చినవి నేనూ చూసుకోకుండా చదివేశాను. సగం గోడ ఎక్కాక అన్న, “వీడు నిన్ననే ఎక్కాడు కదరా, మళ్ళీ ఎందుకు దిగాడు?” అన్నాడు.

*

గౌరవనీయులైన పాఠకులకు,

తమ అభ్యంతరం అందినది. ఈ నవలపై ఇరు మతాల వారి నుంచీ ఉత్తరాలు వస్తున్నందున ప్రతి ఒక్కదానినీ ప్రత్యేక శ్రద్ధతో పరిశీలిస్తున్నాము. రెండు పక్షాలూ మాకు సమానమే. కోట లోపల చనిపోయేవారు, బయట చనిపోయేవారు సరిసమానంగా ఉండేలా రచయిత జాగ్రత్త తీసుకున్నారు.

గోడ ఎక్కే ఘట్టం రెండుసార్లు రావడం పొరపాటు కాదు. యుద్ధం ఎడతెగనిదని సూచించే శిల్పం.

తమరు ఏ మతానికి చెందినవారో తెలియజేసినచో తగిన సమాధానం పంపగలము.

భవదీయుడు,
పాఠకుల విభాగం అధికారి

తా.క. తమ అన్నగారిది వేరే మతమన్నారు. వారికి పంపవలసిన సమాధానం కూడా వేరు గనుక వారిచేత వేరే ఉత్తరం రాయించగలరు.

*

అధికారి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అన్నకు చదివి వినిపించాను. నీ రాత వాళ్ళకు అర్థం కాలేదురా, మళ్ళీ రాయి అన్నాడు. ముగింపు నేనే ఏదో ఒకటి కల్పించి చెప్తానంటే ఒప్పుకోడు. తెప్పించే చదవాలట.

ఉత్తరం రాయడంలో తప్పు నాదేనేమో. మా పనిలో చెక్క తేడాగా వస్తే ఆ ముక్కే కోసి కలప అడితికి పంపుతాం. దాన్ని చూసి వాళ్ళు సరైనది ఇస్తారు. అలాగే రెండోసారి వచ్చిన పేజీలను ఉలితో శుభ్రంగా కోసి దీనితో పంపుతున్నాను. వీటి బదులు చివరి పేజీలు పంపితే చాలు.

మతం అడిగారు. మంచం దిగలేని మనిషికి కథ చివర ఏమైందో తెలియాలి. అది ఏ మతం కిందికి వస్తుందో మీరే రాసుకోండి.

ఇట్లు,
వడ్రంగి

తా.క. ఉలి ఇప్పుడే నూరించాను, మంచి పదును మీద ఉంది. ఇది చాలదంటే చెప్పండి, మొత్తం కోసి చూపిస్తాను.

*

మాన్యులకు,

నవలను కోసి పంపడం ద్వారా తమరు తెలిపిన నిరసన అందినది. ఉలిని గురించి తమరు రాసిన వాక్యాన్ని యాజమాన్యం పదే పదే చదివినది. గేటు వద్ద ఒక మనిషిని అదనంగా నియమించినాము.

గొడవకంతటికీ మూలం ముగింపేనని మా కమిటీ గ్రహించినది. గోడ మీద ఎవరు ఎవరిని ఏం చేసినా ఒక పక్షం నొచ్చుకోక తప్పదు. అందుచేత మా గోదాములోని ప్రతులన్నిటి నుంచీ చివరి అధ్యాయాన్ని తొలగించినాము. ఇకపై నవల తమ్ముడు గోడ ఎక్కడంతో సరి. ఈ విధంగా సవరించిన మొదటి ప్రతిని తమ అన్నగారికి కానుకగా పంపుతున్నాము.

భవదీయుడు,
పాఠకుల విభాగం అధికారి

తా.క. తొలగించిన పేజీలను పొట్లాలు కట్టేవారికి ఇచ్చివేసినాము. తమరు నిశ్చింతగా ఉండవచ్చును.

*

అధికారి గారికి,

నమస్కారం. మీ కానుక అందింది. అన్న మంచం పక్కన కూర్చునే విప్పాను. చివరికి తిప్పి చూసి, ఉన్నది కూడా తీసేశారన్నాను. అన్న నవ్వాడు. దగ్గు తెరలు వచ్చేదాకా నవ్వాడు. వదిన వచ్చి ఇద్దరినీ కలిపి చివాట్లు పెట్టింది.

దగ్గు తగ్గాక గోడ ఎక్కేది మళ్ళీ చదవమన్నాడు. చదివాను. బల్లెం ఎత్తేచోట ఆపి, ఆ గోడ మీద నువ్వుంటే ఏం చేసేవాడివని అడిగాను.

“పొగమంచు కదరా. ఎవడో తెలియాలంటే ముందు పైకి లాగాలి” అన్నాడు.

తెల్లవారేసరికి పోయాడు.

పెట్టె నేనే చేశాను. ఎవరు చేశారని వాళ్ళ పెద్దలు అడిగితే, వడ్రంగి అని చెప్పింది వదిన. అబద్ధమేమీ కాదు. పూడ్చేచోట చదివే ప్రార్థన నాకు రాదు. అందుకని ప్రహరీ బయట నిలబడ్డాను. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు.

నాలుగు రోజులు పోయాక పుస్తకం తెచ్చుకుందామని వెళ్ళాను. వదిన దాన్ని తుడిచి నా చేతికిచ్చి, మీ అన్న దీన్ని పెళ్ళికి ముందే చదివారని చెప్పింది. కొత్తలో కథంతా ఆమెకు చెప్పాడట. చివరి అధ్యాయంతో సహా.

మరి నాచేత ఇన్ని ఉత్తరాలు ఎందుకు రాయించాడని అడిగాను.

“పుస్తకం అయిపోతే వాడు ఇంక ఏ వంకతో వస్తాడు అన్నారు” అంది.

కాబట్టి మీమీద నాకేమీ కోపం లేదు. నేను అడిగిన పేజీలు అడిగిన వెంటనే పంపి ఉంటే ఎన్ని సాయంత్రాలు పోయేవో. గేటు దగ్గర పెట్టిన మనిషిని ఇక తీసేయవచ్చు. అతనికి వేరే పని ఏదైనా చూడండి.

ఇట్లు,
వడ్రంగి

తా.క. ముగింపు వదిన చెప్పబోతే వద్దన్నాను. వాళ్ళ వీధి తలుపు నేలకు రాసుకుంటోంది. వచ్చే వారం వెళ్ళి చిత్రిక పట్టి, అప్పుడు అడుగుతానన్నాను. అడుగుతానో లేదో, కిటికీలు కూడా సరిగా పడటం లేదు. అందుచేత ఆ చివరి పేజీలు మీకు ఏ పొట్లంలో కనబడినా దయచేసి నాకు పంపవద్దు.