కాయ చప్పుడు

సత్తెనపల్లి,
14-3-2002.

అంకమ్మరావు బావగారికి,

మిరప కల్లంలో కాలక్షేపానికని మీరిచ్చిన రేడియోను మా పాలేరు పీరు చేత తిరిగి పంపుతున్నాను. కోపం తెచ్చుకోకండి. అది బాగానే పాడుతుంది, చిక్కంతా అక్కడే వచ్చింది.

మంగళవారం కాయ ఎండిందనుకుని బస్తాలకు ఎత్తబోయాం. నేను పాటలు పెట్టుకుని మహా హుషారుగా ఉన్నాను. రంగు పోయిన తాలుకాయలు ఏరే జానీబీ, "ఆ రేడియో కాసేపు కట్టెయ్ బాబూ, కాయ చప్పుడు ఇనపడట్లా" అంది. నవ్వుకుంటూనే ఆపాను. ఆమె రాశి పైనుంచి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. తర్వాత మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి ఇంకో గుప్పెడు తీసి ఆడించింది. ఏ చప్పుడూ లేదు.

"ఇంకా రెండెండలు తగలాల" అంది.

ఆ పచ్చితోనే బస్తాల్లో తొక్కి ఉంటే పంటంతా బూజు పట్టేది. ఇరవయ్యేళ్లుగా మిరప వేస్తున్నాను, కాయను కంటితో చూడటమే తప్ప చెవితో వినలేదు. ఆమె వినేది ఒక్క కాయనే కాదు. గాలి మారితే, రాశి మీద కప్పే పట్టాల రెపరెపను బట్టి వానొస్తుందని ముందే చెప్పేస్తుంది.

నిన్న సాయంత్రం గుప్పెడు కాయలు నా చెవి దగ్గర ఆడించి, నా ముఖంలోకి చూసింది. కళ్లు మూసుకుని విన్నాను.

"ఇంకొక్క ఎండ" అన్నాను.

జానీబీ ఖాళీ బస్తాలు మడిచి పక్కన పెట్టేసింది.

అక్కను తీసుకుని ఆదివారం రండి, మీకూ వినిపిస్తాను.

మీ బావమరిది