అన్నయ్య కోడ్ తీసేశారు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పాత కంప్యూటర్లలోనూ నువ్వు నేర్పిన ప్రోగ్రామింగ్ భాష పనిచేయాలని, అందరూ వాడుకునే దాని కోడ్ లైబ్రరీకి నువ్వు రాసిచ్చిన కోడ్‌ను దాన్ని నడిపేవాళ్లు ఈమధ్యే తీసేశారు. అలాంటి కంప్యూటర్లు ఇంకెవరూ వాడటం లేదన్నారు. మన పేట పజుండౌంగ్‌లో నువ్వు పెట్టిన క్లాసులో, ఊరి చివర లైంగ్‌థార్యార్‌లోని కుట్టు ఫ్యాక్టరీల అమ్మాయిలు వాటి మీదే నేర్చుకుంటున్నారని రాశాను. కొత్తవి కొనుక్కోమన్నారు.

"అన్న రాసింది తీసీసినారేటి?" అంది అమ్మ.

"తీసీసినారమ్మా. నాను మళ్లీ పెట్టీస్తాను."

నీ కోడ్‌ను కొత్త వెర్షన్‌లో నేనే కలిపాను. మొదట పనిచేయలేదు, నిన్ను తిట్టుకుంటూ సరిచేశాను. ఈ సాయంత్రం కరెంటు రాగానే ఖిన్ అనే అమ్మాయి నీ కుర్చీలో కూర్చుని తన మొదటి ప్రోగ్రామ్ నడిపింది.

కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఇలాగే కలుపుతాను. ఎవరినీ అడగను.

నీ చెల్లి