మీరు పిలిస్తే వస్తారు

పాస్టరు విట్‌కోంబ్ గారికి,

మీ చర్చిలో మీకు ముందు పనిచేసిన పాస్టరుగారి భార్యను. డెల్‌మర్ పోయాడని అతని భార్య వెర్నా నిన్న మాకు ఫోన్ చేసింది. "అయ్యగారూ, సమాధి ప్రార్థన మీరే చెయ్యాలి" అని ఏడ్చింది. మా ఆయన "ఇప్పుడు మీ పాస్టరు నేను కాదమ్మా" అని ఫోన్ పెట్టేశారు. కొత్త పాస్టరు పిలవందే పాతాయన రాకూడదన్న మన మెథడిస్టుల నియమం పాపం ఆవిడకేం తెలుసు!

బిషప్పుగారు పొమ్మన్నచోటికల్లా పోతూ అయోవా రాష్ట్రమంతా తిరిగాం. ఏ ఊళ్ళో దిగినా "ఎవరితోనూ మరీ కలిసిపోకు, మళ్ళీ వదిలేసి పోవాల్సిందే" అని మా ఆయన చెప్పేవారు. నేను విన్నాను. అందుకే ఫోన్ చేసి ఏడవడానికి ఇవాళ నాకంటూ ఎవరూ లేరు. చెప్పినాయన మాత్రం డెల్‌మర్ దగ్గర ఆ మాట మరిచిపోయారు. ప్రతి సోమవారం ఇద్దరూ చేపలకెళ్ళి ఉత్త చేతులతో వచ్చేవాళ్ళు. "మీ ఆయన చేపలక్కూడా ప్రసంగం చెప్పాడమ్మా, అన్నీ నిద్రపోయాయి" అనేవాడు డెల్‌మర్.

సమాధి ఎల్లుండి. మీరు పిలిస్తే వస్తారు. నేను రాశానని మాత్రం చెప్పకండి. ఫోన్ ఆయన పక్కనే ఉంది, అందుకే ఈ ఉత్తరం బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను.

పొద్దున ఆయన సమాధి ప్రార్థనలకు వేసుకునే నల్లబూట్లు పాలిష్ చేస్తుంటే "ఎక్కడికి?" అన్నాను. "ఎక్కడికీ లేదు" అన్నారు. ఇప్పుడు మళ్ళీ చేస్తున్నారు. ఆ తోలు అరిగిపోకముందే ఫోన్ చెయ్యండి బాబూ.