ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన అడిగిన మాట

మారికుప్పం,
29-2-1976

ప్రియమైన జయరాం బావకు,

ఇక్కడ అందరం కులాసా. నాయనకు గనిలో రాత్రి షిఫ్టు, ఇంట్లో పగలంతా గురక. మీ పట్టుపురుగులు ఎలా ఉన్నాయి? అవి ఇంట్లో ఉన్నన్నాళ్లు పెళ్ళి మాట ఎత్తితే అత్తకు కోపమని తెలుసు. కానీ ఈ రోజు దాటితే మళ్ళీ నాలుగేళ్ళు ఆగాలి!

నాకు కుట్టుపని నేర్పే ఆంగ్లో ఇండియన్ డోరిసమ్మ చెప్పింది. ఎప్పుడో ఒక రోము రాజు, క్యాలెండరు సూర్యుడితో కుదరక, నాలుగేళ్ళకొక దినం చేర్చాడట. ఆమె తాతల దేశంలో ఆ దినాన ఆడదే మగవాణ్ణి పెళ్ళికి అడగవచ్చట. కాదన్నవాడు పట్టుబట్ట ఇచ్చుకోవాలట! అవ్వ విని, "ఒగ దినానికే ఇంత సంబరమా? మనోళ్ళు మూడేండ్లకొకసారి నెలే చేర్చినారు కదే!" అంది.

సరే, అడుగుతున్నాను. నన్ను చేసుకుంటావా? నాయన గనిలో దుంగలు నిలబెట్టించే టింబర్ మేస్త్రీ కొడుకును నాకోసం చూశాడు. పద్నాలుగో తేదీ ఆదివారం వాళ్ళు పూలు పెట్టి మాట ఖాయం చేసుకోవడానికి వస్తారు. నాకు నువ్వే కావాలి.

నీ మరదలు,
మునిలక్ష్మి

మారికుప్పం,
9-3-1976

జయరాం గారికి,

కండక్టరు మునిశామప్ప తెచ్చిచ్చిన మూట అందింది. లోపల నెమలికంఠం రంగు పట్టుచీర. ఎంత దులిపినా ఒక్క ముక్క రాసిన కాగితం లేదు. అర్థమైంది. కాదనడానికి ఎంత మంచి చీర ఏరావు బావా! దానిమీద పడి ఏడ్చాను. మరక పడుతుందని మళ్ళీ పెట్టెలో దాచాను. ఆదివారం అదే కట్టుకొని మేస్త్రీ కొడుకు ముందు కూర్చుంటాను, చూసుకో.

ఇట్లు,
మునిలక్ష్మి
(మరదలు అని రాయను)

బేతమంగళ,
12-3-1976

ప్రియమైన లక్ష్మీ,

కొంప మునిగింది! ఆ చీర పంపింది అమ్మ. నీ జాబు ఆమెకు చదివి వినిపిస్తూ, పట్టుబట్ట సంగతి దగ్గర సిగ్గేసి మింగేశాను. "పిల్లే నోరు తెరిచి అడిగింది, బదులియ్యకుంటే ఎట్లమ్మా?" అన్నాను. "పురుగు ఇంట్లో ఉండాది, మాట ఎత్తొద్దు. చీర పంపొద్దని యాడుండాదిరా?" అంది. నేను మల్బరీ ఆకు కోసుకొచ్చేలోపే తన పెళ్ళిచీర మూటగట్టి బస్సులో పంపేసింది. అమ్మ ఒప్పుకుందన్న సంతోషంలో, నువ్వు దాన్ని ఎలా అర్థం చేసుకుంటావో నాకు తట్టనే లేదు.

ఈ రోజే పట్టుగూళ్ళన్నీ ఏరేశాం, ఇంట్లో పురుగు లేదు. ఇక నోరారా చెబుతున్నాను, చేసుకుంటాను! ఆదివారం మొదటి బస్సుకే అమ్మా నేనూ వస్తాం. మామయ్య కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఆ మేస్త్రీ కొడుకు ముందు మాత్రం చీర కట్టొద్దు తల్లీ.

నీ బావ,
జయరాం

మారికుప్పం,
15-3-1976

ప్రియమైన బావకు,

నిన్న మీరు బస్సెక్కాక, వాళ్ళు పూలతో బయలుదేరకముందే, మేస్త్రీ ఇంటికి వెళ్ళి నాయనే సర్దిచెప్పి వచ్చాడు. వచ్చి నన్ను తిట్టాడు. "ఇది మా అక్క పెండ్లిచీర. నేనే కోలారులో ఏరి తెచ్చినాను. ముందే చూపించుంటే ఇంత రచ్చ ఉండునా? ఇది ఇంటికొచ్చినాక ఇంగ మాట్లాడేదేముండాది?" అని. పెట్టెలో దాచుకొని అయిదు రోజులు ఏడ్చిన నా తెలివికి ఏం చెప్పను!

డోరిసమ్మ ఇంకో మాట అంది. ఒప్పుకున్నవాడు పట్టుబట్ట ఇవ్వనక్కరలేదట, చీర తిరిగి ఇచ్చెయ్యాలట. అత్తతో చెప్పు, ఇవ్వను. పెళ్ళికీ అదే కడతాను.

నిన్ను అడిగి తెచ్చుకున్న
నీ లక్ష్మి